అంకుల్ వంతు కాపలా

ప్లేనో, టెక్సస్, నవంబర్ 2012, ఆదివారం రాత్రి

మా స్టోర్ ఓనర్ మూర్తి అంకుల్ వాళ్ల కాలనీలో దొంగలు పడ్డారు. ఇకనుంచి ఇంటికొకరు రాత్రిళ్లు కాపలా తిరగాలట. అంకుల్ టార్చి, మెరిసే కోటు కొని నా చేతిలో పెట్టాడు.

"మా ఇంటి తరఫున నువ్వెళ్లు బాబూ, పే చేస్తాలే."

"మీ అబ్బాయి ఉన్నాడుగా అంకుల్?"

"అమ్మో! చీకట్లో వాణ్ని చూసి దొంగనుకుని ఎవరైనా షూట్ చేస్తే?"

నా మొహం మీదే అన్నాడు.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లోనూ ఇంతేనట, లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఊరిని కాచే దండులో భూస్వామి తుపాకీ కొనిచ్చి, తన బదులు పనివాణ్ని నిలబెట్టేవాడు. ఎందుకు ఒప్పుకున్నావురా వెధవా అని అప్పుడు ఆ పనివాణ్ని తిట్టుకున్నాను.

ఇవాళ నేనూ తలూపి వచ్చాను. రేపు కోటు తిరిగిచ్చేస్తాను, ఉద్యోగం పోతే పోనీ అని ఈ డైరీలో రాయాలనుంది. చెయ్యి కదలడం లేదు...