మూకీలో ఆమె పలికిన మాట

అమ్మకు,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, సర్దుకుని చదువుకో. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు మందులు మానకుండా వేసుకుంటున్నావనుకుంటాను.

నా పని గురించి అడిగావు. పాత సినిమా రీళ్ళు బాగుచేసే చోటే ఇంకా. మెత్తని గుడ్డతో బూజు తుడిచి, చిరిగిన అంచులు అతికిస్తాను. ఇప్పటిది మాటల్లేని కాలం నాటి బొమ్మ. అప్పుడు ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారట. మొట్టమొదట తెర మీదికి వచ్చిన ఆడమనిషి ఈ కథానాయికేనట. ఊరంతా ఆమె మీద దుమ్మెత్తి పోసిందట.

మధ్యమధ్యలో చూపే మాటల అట్టలు పోయాయి. అక్కడి మా పెద్దాయన కొత్తవి రాయించారు. మొగుడు ఆమెను గెంటేసే చోట, "నాథా, మీ పాదాలే నాకు దిక్కు" అని. భూతద్దంలో ఆమె పెదవులు చూశాను. ఆమె అన్నది అది కాదమ్మా.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాను. నిన్న బొమ్మ వేసి చూపించారు, ఇంటివాళ్ళనూ రమ్మన్నారు. మీ అల్లుడుగారూ అత్తయ్యా వచ్చారు. ఆ అట్ట రాగానే లేచి నిలబడ్డాను.

"అది తప్పండీ. 'చెయ్యి తియ్యి, బయటికి దారి నాకు తెలుసు' అంటోంది ఆమె."

"మూకీలో మాటలు వినపడ్డాయా తల్లీ?" అన్నారు పెద్దాయన. అంతా నవ్వారు.

"వినపడలేదండీ. కనపడ్డాయి."

"ఎవరు నేర్పారు?"

ఇంతసేపూ రాయలేక వాయిదా వేసింది ఇదే. నీ సంగతి అత్తవారింట చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావు. పెళ్ళినాడు నీకు గొంతు పట్టేసిందని నాన్న అబద్ధమాడాడు. నేను ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

"మా అమ్మండీ. ఆమెకు వినపడదు, గొంతు పలకదు. పెదవులు కదిపే మాట్లాడుతుంది. నాకు మొదట వచ్చిన భాష అదే."

"అంటే మమ్మల్ని మోసం చేశారన్నమాట!" అని అత్తయ్య అక్కడే అరిచింది.

"చేశామత్తయ్యా. ఇక చెయ్యం."

పెద్దాయన ఆ ముక్క మూడుసార్లు వేయించి చూశారు. ఈ ఉదయం అట్ట మార్చారు. మీ అల్లుడుగారు మాత్రం "నాకైనా చెప్పలేదేం?" అన్నారు. అత్తయ్య పలకరించడం మానేసింది.

నీకు కోపం వస్తుంది. రానీ. క్షమించమని అడగను. సిగ్గుపడాల్సినంత తప్పు నువ్వేం చేశావని దాచాలి? వచ్చే నెల బొమ్మ అందరికీ వేస్తారు. వచ్చి ముందు వరుసలో నా పక్కన కూర్చో. అత్తయ్య ఆ పక్కన కూర్చుంటే కూర్చుంటుంది, లేకపోతే లేదు.

చదివి కాల్చెయ్యమని ప్రతిసారీ రాసేదాన్ని. ఇది కాల్చకు. ఎవరు అడిగినా చూపించు.

ఇట్లు,
నోరున్న నీ కూతురు