వ్యాసంలో పోయిన తల్లి

అక్కా,

మీవాడి కాలేజీ సీటు కోసం ప్రైవేటు కౌన్సెలర్‌ను పెట్టుకోవడం దండగా కాదా అని అడిగావు. నాకే తేలడం లేదు. మా అమ్మాయికి సీటు వచ్చిన మాట నిజమే.

"జీవితంలో ఏదో కష్టం లేకపోతే దరఖాస్తుతో పంపే వ్యాసం నిలబడదు మేడమ్" అన్నాడు మేం పెట్టుకున్న కౌన్సెలర్. దాంతో మా అమ్మాయి వ్యాసంలో నన్ను చంపేసింది. తప్పులు దిద్దింది నేనే. నా చావు మరీ పొడిగా ఉందనిపించి రెండు వాక్యాలు కలిపాను కూడా.

నిన్న కాలేజీలో పెద్దవాళ్ల సమావేశం. "పిన్నినని చెప్పమ్మా, ప్లీజ్" అని బతిమాలింది. అలాగే చెప్పాను. ప్రిన్సిపాల్ నా చేతులు పట్టుకుని, "తల్లి లేని పిల్లని ఎంత బాగా పెంచారండీ!" అంది.

పదిహేడేళ్లలో నా పెంపకాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి.

నీ చెల్లెలు