కిందపడ్డ బేటన్

మాంట్రియల్, గురువారం

ఈ రోజు ఒపెరా రిహార్సల్లో ఆర్కెస్ట్రాని కండక్ట్ చేస్తుండగా బేటన్, అదే తాళం చూపించే పుల్ల, నా చేతిలోంచి జారి కిందపడింది. వంగి తీసుకునేలోపు ఆర్కెస్ట్రా ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. పైగా ఆ చోట వేగం తగ్గించమని వారమంతా బతిమాలుతున్నానా, నేను నోట్స్ పెట్టుకునే స్టాండ్ కింద తడుముకుంటున్నప్పుడే చక్కగా తగ్గించారు!

లేచేసరికి అందరి కళ్ళూ ముందు వరసలోని వయొలిన్ పెద్దాయన కమాను మీదే ఉన్నాయి. నన్ను చూసి చప్పున తిప్పేసుకున్నారు. నాకలా అనిపించింది మరి.

చివర్లో వయొలిన్ వాళ్ళంతా కమానులతో స్టాండ్లను తట్టారు. అవే వాళ్ళ చప్పట్లు. ఎవరికి? పెద్దాయన నవ్వి, "డోంట్ వర్రీ మాయెస్ట్రో, మేం మీతోనే ఉన్నాం" అన్నాడు. ఉన్నారా అని నేను అడగలేదే! మేనేజరేమో, "మీతో పని చాలా ఈజీ, వచ్చే సీజన్‌కీ రండి" అంది. ఏ ఊళ్ళో ఆర్కెస్ట్రా పిలిస్తే ఆ ఊరికి పరిగెత్తేదాన్ని, ఆ మాటకి ఎగిరి గంతెయ్యాలి. ఈజీ అంటే ఏమిటసలు?

స్కార్‌బరో నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అందరూ వాయిస్తారు, నువ్వేమో ఏమీ వాయించవు. నువ్వు లేకపోతే ఆగిపోతుందా ఏంటే?" ఎప్పుడూ అడిగేదే. ఎప్పుడూ నవ్వేసేదాన్ని. ఇవాళ "నిద్రొస్తోందమ్మా" అని పెట్టేశాను.

రేపు అదే చోట కావాలనే బేటన్ జారవిడిచి చూడాలనుంది. కానీ వాళ్ళు ఆగకపోతే, దాన్ని మళ్ళీ ఏ మొహం పెట్టుకుని చేతికి తీసుకోను...