చేపలో మిగతా సగం

భివండి
1946 జనవరి 6

మామకు, అత్తకు నర్సింహ దండాలు. నేను క్షేమం. సాంచెల మీద, అదే కరెంటు మగ్గాల మీద, పని బాగానే నడుస్తున్నది. ఊరికి వస్తున్న సారయ్యతో పదహారు ఎండుచేపలు పంపుతున్నాను. సముద్రపు నీరు లోపలికి వచ్చే పాయలో దొరికే చేప. నాలుకలా పలచగా ఉంటుంది, పులుసుకు బాగుంటుంది. పెళ్ళయి ఏడాది దాటింది. గది కిరాయికి తీసుకుని నాలుగు నెలలయింది. అనసూర్యను ఎప్పుడు పంపుతారు? నా వంట నేనే తినలేకపోతున్నాను.

మీ అల్లుడు
నర్సింహ

తా.క. మీ ఇంట్లో చదువు వచ్చింది అనసూర్య ఒక్కదానికే కనుక, నేను అడిగినట్టు తనకు తానే చెప్పుకోమనండి.

సిద్దిపేట
జనవరి 20

చిరంజీవి నర్సింహకు సిద్ధయ్య దీవెనలు. నేను చెబుతుంటే అనసూర్య రాస్తున్నది. చేపలు ముట్టాయి, కానీ సగమే. ఒక పక్క రెండు కళ్ళూ ఉన్నాయి. రెండో పక్క తెల్లగా, బోడిగా, ఒక్క కన్నూ లేదు. పుట్టినప్పటి నుంచి చెరువు చేపలు తింటున్నవాణ్ణి, నాకు తెలియదా? మధ్యకు చీల్చి సగమే పంపావు. కళ్ళున్న సగం మాకు పంపినందుకు సంతోషం. మీ అత్త కిష్టవ్వ మాత్రం "గా సగం ఎవలు తిన్నరో అడుగు. ఒక్కడే పదారు తింటడా?" అంటున్నది.

అనసూర్య ఇప్పుడే రాదు. ఆమె పోతే కండెలు చుట్టే మనిషి లేక నా మగ్గం ఆగుతుంది. ఉగాది తరువాత చూద్దాం.

నీ మామ
సిద్ధయ్య

తా.క. పోయిన ఉగాదికి కూడా ఇదే మాట అన్నానని అనసూర్య గుర్తు చేస్తున్నది. అది రాయవద్దని చెప్పాను.

భివండి
ఫిబ్రవరి 3

మామకు దండాలు. నేను చేపను చీల్చలేదు. దాని తీరే అంత. నీళ్ళ అడుగున బురదలో ఒక పక్కకు పడుకుని పురుగులు ఏరుకు తింటుంది. కింది కంటికి బురద తప్ప ఏం కనబడుతుంది? అందుకని పిల్లగా ఉన్నప్పుడే ఆ కన్ను కూడా పై పక్కకు జరుగుతుంది. ఇక్కడ చేపలమ్మే ఆడవాళ్ళు చెప్పారు. సగం ఎవరికీ ఇవ్వలేదు. అనసూర్యను పంపండి.

మీ అల్లుడు
నర్సింహ

తా.క. నమ్మకపోతే ఒక చేపను విప్పి చూడండి. వెన్నుముల్లుకు రెండు వైపులా మాంసం ఉంటుంది.

సిద్దిపేట
ఫిబ్రవరి 17

నర్సింహకు సిద్ధయ్య రాయించేది. ఈసారి దీవెనలు లేవు. నీ ఉత్తరం అనసూర్య చదువుతుంటే మీ అత్త చేతిలోని చెంబు జారవిడిచింది. తప్పు ఒప్పుకున్నావు, సరే. కానీ మిగతా సగం పక్క గది సుశీలకు ఇచ్చానని అంత నిమ్మళంగా రాస్తావా? పైగా ఆమె చేతి పులుసు బాగుంటుందని కూడానా? ఎవరా సుశీల? వెంటనే రాయి.

సిద్ధయ్య

తా.క. చేపను విప్పి చూడమన్నావు. ఒక్కటీ మిగలలేదు. పులుసు బాగుంది.

భివండి
మార్చి 2

మామా, మీ కాళ్ళు మొక్కుతాను. సుశీల ఎవరు? నా పక్క గదిలో బుచ్చిరాములు ఉంటాడు. ఆయనకు గడ్డం ఉంది. నేను చేప కన్ను గురించి రాశాను గాని ఏ ఆడమనిషి గురించీ రాయలేదు. ఆ ఉత్తరం మళ్ళీ చదివించుకోండి.

మీ అల్లుడే
నర్సింహ

తా.క. నెమ్మదిగా చదవమని అనసూర్యకు చెప్పండి.

సిద్దిపేట
మార్చి 16

నర్సింహకు. చదివించుకున్నాం. నెమ్మదిగానే, రెండుసార్లు. సుశీల కళ్ళు బాగుంటాయని మామకు రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చింది? మీ అత్త నా మీద పడ్డది. "బిడ్డ సంసారం ఆగమైతుంటె నీకు మగ్గం కావల్నా? కండెలు నేను చుడ్త. పిల్లను రైలెక్కియ్యి" అన్నది. గురువారం సారయ్య అక్కడికి తిరిగి వస్తున్నాడు. ఆయన వెంట అనసూర్యను పంపుతున్నాను.

సిద్ధయ్య వేలిముద్ర

తా.క. ఇది నాయిన చెప్పింది కాదు. వేలిముద్ర పడ్డాక కింద జాగ మిగిలితే నేను రాస్తున్నాను. చేప సంగతి మీరు రాసింది రాసినట్టు నాకు అర్థమైంది. వీళ్ళకు చదివి వినిపించింది మాత్రం వేరు. ఉగాది ఉగాది అని ఏడాది దాటించారు, ఇంకేం చెయ్యను? మీరు లేక నాకు ఇక్కడ పొద్దు పోవడం లేదు. తిట్టాలనుంటే వచ్చాక తిట్టండి. సుశీలను వెళ్ళగొట్టేదాకా పుట్టింటికి రావద్దని అవ్వ నాతో ఒట్టు వేయించుకున్నది. లేని మనిషిని వెళ్ళగొట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందో మరి.

మీ అనసూర్య