కళ్ళు తిరిగే మనిషి

అక్కా, నా ముద్దుల అక్కా,

జవాబు ఆలస్యమైందని కోప్పడకు. స్కూళ్ళు తెరిచే రోజులు. యూనిఫారాలు కుట్టి కుట్టి మెడ పట్టేసింది. దానికి తోడు మీ మరిది ఇంట్లో కొత్త తమాషా ఒకటి మొదలుపెట్టారు. అది నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ఆయన రేడియో పిచ్చి నీకు తెలిసిందే. పగలంతా లిఫ్టులు బాగుచేసి, గ్రీజు చేతులతో ఇంటికొచ్చి, ఇంత తిని మేడమీద గదిలోకి దూరిపోతారు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడుకుంటూ ఉంటారు. నాతో రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఇప్పుడా పిచ్చి ముదిరి సముద్రం దాకా వెళ్ళింది. ఎక్కడో నడిసముద్రంలో ఒక దీవి ఉందట. రాళ్ళూ, పక్షులూ, వాటి రెట్టలూ తప్ప ఇంకేమీ లేవట. అక్కడికి రేడియో మోసుకెళ్ళి లోకంతో మాట్లాడతారట! "మనిషే లేని చోటికి పోయి ఏం మాట్లాడతారండీ?" అని అడిగాను. "మనిషి లేడు కాబట్టే అంత గిరాకీ. అక్కణ్ణించి జవాబిచ్చే గొంతు ఎప్పుడొస్తుందా అని ఎక్కడెక్కడి రేడియో వాళ్ళో ఏళ్ళ తరబడి కాచుక్కూర్చున్నారు" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి నువ్వు.

వీళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఒకరు చెప్పింది రెండోవాళ్ళు విని, విన్నది తిరిగి చెప్పి, ఎలా వినిపించిందో అంకెల్లో చెప్పాలి. ఐదు తొమ్మిది అంటే గట్టిగా, స్పష్టంగా వినిపించిందని. రెండు వైపులా అలా జరిగితేనే ఆ మాట లెక్కలోకి వస్తుందట. మన ఇళ్ళలో ఈ పద్ధతి పెడితే ఒక్క మాటా లెక్కలోకి రాదని నేను వేళాకోళం చేశాను.

పోయేది ఐదుగురు. వాళ్ళకి నాయకుడు ఒక పళ్ళ డాక్టరు. రేడియోకి పొడుగాటి గడలు పాతి, పైకెక్కి తీగలు కట్టే పని మీ మరిదిది. దూరదేశాల రేడియో వాళ్ళు కొంత పంపినా పడవ అద్దెకి చాలదట. అందుకని ఒక్కొక్కరూ తమ వంతు చందాలు పోగుచెయ్యాలట. ఈయన ఏం చేశారో తెలుసా? నా కుట్టు షాపు బల్లమీద రేకు డబ్బా పెట్టారు. దాని మీద దీవి బొమ్మ అతికించారు. జిప్పు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళని కూడా వదలడం లేదు. వాళ్ళు డబ్బా వంకా నా వంకా మార్చి మార్చి చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టవుతోంది. పైగా గడల సామానుకి కాన్వాసు సంచులు కుట్టిపెట్టమని నన్నే అడిగారు. తీరిక లేదన్నాను.

నీకు నవ్వుగా ఉందేమో. నాకు మాత్రం వీధిలో తలెత్తుకోవడం కష్టంగా ఉంది.

నీ చెల్లెలు,
ప్రస్తుతానికి చందాలాయన పెళ్ళాం

---

అక్కా,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్. బావగారి కంటపడనివ్వకు. నేనొక పని చేశాను. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

ఆ రోజు స్కూలు ప్రిన్సిపాలమ్మ యూనిఫారాల సంగతి మాట్లాడటానికి వచ్చింది. షాపునిండా జనం. ఆవిడ డబ్బా తీసి గలగలా ఆడించి, "ఏమ్మా, మీ ఆయనకి ఉద్యోగం పోయిందా? చెప్పకపోయావా, మా గేటు దగ్గర మనిషి కావాలి" అంది. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను అక్కా. నవ్వకపోతే ఏడ్చేదాన్ని. భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పక్షుల దీవికి అనుమతులిచ్చే ఆఫీసు నుంచట. ఈయన లిఫ్టు గోతిలో ఉంటే ఫోను అందదని నా షాపు నంబరిచ్చారు. ఆఫీసరు చాలా మర్యాదగా అడిగాడు. "అక్కడ ఆసుపత్రి లేదమ్మా. గడలెక్కే మనిషి మీ ఆయనే కదా. ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా?"

"ఎత్తు ఎక్కితే కళ్ళు తిరుగుతాయండీ" అన్నాను.

"అవునా! ఎప్పట్నించి?"

"చాన్నాళ్ళుగా. బయటికి చెప్పుకోరు."

మొదటి మాట నోరు జారిందనుకో. రెండోది మాత్రం ఆలోచించే అన్నాను. లిఫ్టు మెకానిక్కుకి కళ్ళు తిరగడమేమిటి అక్కా! ఆయన ఇరవయ్యో అంతస్తులో ఇనుప తాడు పట్టుకుని నిలబడి ఈల వేస్తారు. ఫోను పెట్టేసి ప్రిన్సిపాలమ్మ లెక్క తేల్చి పంపించాను.

తర్వాత ఒక సాయంత్రం ఆయన వచ్చి, సంచి కొక్కేనికి తగిలించి, చాలాసేపు చేతులు కడుక్కున్నారు. "నా పేరు తీసేశారు" అన్నారు. "ఎందుకట?" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "పడవలో బరువెక్కువైందట. ఒకరిని తగ్గించాలన్నారు." "మీరేమీ అనలేదా?" "ఏమంటాను? బరువు బరువే కదా."

హమ్మయ్య, నా సంగతి బయటపడలేదని అనుకున్నాను. అక్కా, మొదట నాకు కలిగింది అదే, ఊరట! అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మర్నాటి నుంచి ఆయన చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్ళారు. "నేను వెళ్ళడం లేదు, మీ డబ్బు వెనక్కి కావాలా?" అని అడిగారు. సోఫాలు అమ్మే ఆయన గుమ్మంలోనే, "ముందే అనుకున్నానులే, నీ వల్ల అయ్యే పనా ఇది" అన్నాడట. ఇవన్నీ నాకు వేరేవాళ్ళు చెబితే తెలిశాయి. ఈయన ఇంటికొచ్చి, "అందరూ పడవకే ఉంచమన్నారు, మంచివాళ్ళు" అన్నారు. అంతే.

నిన్న షాపు కట్టేసే వేళకి వెళ్ళి చూస్తే నా మిషను ముందు కూర్చుని ఉన్నారు. తను పోకపోయినా మిగతావాళ్ళకి కావాలని కాన్వాసు సంచులు తనే కుట్టబోయి సూది విరగ్గొట్టారు. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా లేచి నిలబడ్డారు. "సూది కొనిస్తాను" అన్నారు.

భయంతో చేశాను అక్కా. సముద్రం, గాలి, అంతెత్తు గడలు. ఆయనకేమైనా అయితే నా గతేమిటి? నువ్వైనా అర్థం చేసుకుంటావు కదూ.

నీ మొండిది

---

అక్కా,

"భయపడి చేశావు, మనసు కష్టపెట్టుకోకు" అని రాశావు. ఆ మాట నువ్వు రాయాలనే నేనలా రాశాను. తీరా నీ చేతిరాతలో చదివాక తట్టుకోలేకపోయాను. నేను భయపడి చెయ్యలేదు. ఫోనులో ఆ మాట అంటున్నప్పుడు నా కళ్ళముందు సముద్రమూ లేదు, గడా లేదు. ప్రిన్సిపాలమ్మ పళ్ళున్నాయి. సిగ్గుపడి చేశాను. నా మొగుడి గురించి సిగ్గుపడి, నలుగురి నవ్వుకి ఆయన్ని అమ్ముకున్నాను. ఇదీ నిజం.

నీ ఉత్తరం మడిచి పెట్టి తిన్నగా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బుగ్గలు వాచినవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. నా వంతు వచ్చేదాకా ఆగితే ధైర్యం చచ్చిపోతుందని లోపలికి దూసుకుపోయాను. కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. డాక్టరు చేతిలో మిషను గిర్రున తిరుగుతోంది.

"డాక్టరుగారూ, మా ఆయనకి కళ్ళు తిరగవండీ. ఆఫీసరుకి నేను అబద్ధం చెప్పాను."

మిషను ఆగిపోయింది. నోరు తెరిచినాయన నోరు ఇంకాస్త తెరిచాడు.

"అదేమిటమ్మా! ఆయన్ని అడిగితే నిజమేనన్నాడే!"

"ఎవరు?"

"మీ ఆయనే. అందరం కూర్చున్నప్పుడు నిలదీశాను. ఈ మాట ఎవరు చెప్పారని అడిగాడు. నువ్విచ్చిన షాపు నంబరుకి ఫోను చేస్తే చెప్పారట అన్నాను. 'అయితే నిజమేనండీ. దాచాను. క్షమించండి' అన్నాడు. మిగతావాళ్ళు ఎన్ని మాటలన్నారో! ప్రాణాల మీదికి తెచ్చేవాడివన్నారు. ఒక్క దానికీ బదులు చెప్పలేదు."

అయితే నిజమేనండీ. ఆ మాట విన్నాక చేతులు కడుక్కునే తొట్టి పట్టుకుని నిలబడ్డాను. నేను అబద్ధాలకోరునని నలుగురికీ తెలియకూడదని ఆయన తనే అబద్ధాలకోరయ్యారు. ఇంటికొచ్చి పడవ బరువని నాకింకో అబద్ధం చెప్పారు, నేను సిగ్గుపడకుండా ఉండాలని. నేనేమో హమ్మయ్య అనుకున్నాను!

డాక్టరు మంచివాడే గానీ ఊరుకునే రకం కాదు. "ఆయనలా గడ ఎక్కేవాడు దొరక్క నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆఫీసరుకి ఫోను చెయ్యండి. ఇప్పుడే, నా ముందే" అన్నాడు. చేశాను. బయట వాచిన బుగ్గలవాళ్ళంతా చెవులు రిక్కించి వింటుండగా, "నేను అబద్ధం చెప్పానండీ" అన్నాను. ఆఫీసరు ఈసారి మర్యాదగా మాట్లాడలేదు. ఆయన్ని వైద్యపరీక్షకి పంపమన్నాడు. అందులో గట్టెక్కితేనే అనుమతన్నాడు. మీ మరిదికి అదెంత పని! ఇట్టే గట్టెక్కారు.

మొన్న ఇంటికొచ్చి, "మళ్ళీ రమ్మన్నారు. బరువు సర్దుబాటైందట" అన్నారు.

"అలాగా, మంచిదే" అన్నాను.

చూశావా? ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. అయినా ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని పడవ బరువు గురించి మాట్లాడుకున్నాం. డాక్టరు ముందు, ముక్కూ మొహం తెలియని రోగుల ముందు చెప్పగలిగాను. ఆయన ముందు మాత్రం నోరు పెగలడం లేదు. చేతనైంది ఒక్కటే చేస్తున్నాను. కాన్వాసు సంచులు కుడుతున్నాను, రెండేసి కుట్లు వేసి. రేపే ప్రయాణం. ఇంకా చెప్పలేదు.

నీ మొండిది,
ఈసారి మొండితనం కాదు, పిరికితనం

---

అక్కా,

దిగారు! క్షేమంగా దిగారు!

ఇప్పుడే మేడ దిగి వచ్చి రాస్తున్నాను. వాళ్ళ రేడియో సంఘంలో అందరికన్నా పెద్దావిడ ఒకరున్నారు. టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అందరూ టెలిగ్రాఫ్ అత్తయ్య అంటారు. దీవి వాళ్ళ క్షేమం కనుక్కునే పని ఆవిడది. సెట్టు బాగా పనిచేస్తుందని మా మేడమీద గదిలోనే కూర్చున్నారు. సాయంత్రం ఎండ గోడమీద నుంచి జారుతుండగా బరబర చప్పుడు మధ్యలోంచి ఆయన గొంతు వచ్చింది. గడ నిలబెట్టామనీ, అందరూ బాగున్నారనీ, కాసేపట్లో లోకానికి పిలుపు మొదలుపెడతామనీ చెప్పారు. మేడమీద ఆయన అంత నిండుగా మాట్లాడతారని నాకిన్నాళ్ళూ తెలియదు. ఎప్పుడైనా పైకెళ్ళి వింటేగా!

అత్తయ్య మైకు నా చేతిలో పెట్టారు. "లైసెన్సున్న దాన్ని నేను పక్కన ఉన్నాను. మాట్లాడవచ్చు. ఈ మీట నొక్కి మాట్లాడు, వదిలేసి విను."

"అందరికీ వినిపిస్తుందా అత్తయ్యా?"

"సెట్టున్న ప్రతివాళ్ళకీ వినిపిస్తుంది. ఎందుకే, ఆయన్ని తిట్టాలా?"

బాగున్నారా అని అడుగుదామనే నొక్కాను. నా నోట్లోంచి వచ్చింది వేరు.

"ఏమండీ, మీకు కళ్ళు తిరుగుతాయని చెప్పింది నేనే. భయపడి కాదు. సిగ్గుపడి. చందాలడుగుతున్నారని సిగ్గుపడ్డాను. ఇప్పుడు నన్ను చూసుకుంటే చచ్చేంత సిగ్గుగా ఉంది."

మీట వదిలేశాను. బరబర తప్ప ఇంకేమీ లేదు. అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అక్కడ డాక్టరూ, మిగతా ముగ్గురూ సెట్టు చుట్టూనే ఉంటారు కదా, అందరూ విని ఉంటారు. విననీ.

అప్పుడు ఆయన గొంతు వచ్చింది. తొందరేమీ లేకుండా, వాళ్ళ పద్ధతిలోనే. "చెప్పింది నువ్వు. భయపడి కాదు, సిగ్గుపడి. విన్నాను. ఐదు తొమ్మిది." కాస్త ఆగి, "పడవ బరువని చెప్పింది నేను. అదీ అబద్ధమే. విన్నావా?"

"పడవ బరువు అబద్ధం. విన్నానండీ" అన్నాను. ఏడుపుతో అంకెలు మరిచిపోయాను. అత్తయ్య నా డొక్కలో పొడిచి అందించారు. "ఐదు తొమ్మిది!"

వెనక నుంచి డాక్టరు అరుపు వినిపించింది. "అయ్యా, లోకమంతా కాచుక్కూర్చుంది. మీ సంసారం తర్వాత!"

"ఒక్క నిమిషం డాక్టరుగారూ" అని, ఈయన మైకుని నోటికి బాగా దగ్గర పెట్టుకున్నారనుకుంటాను, గొంతు చెవి పక్కనే వినిపించింది. "ఇంకొక్క మాట. పొద్దున గడ చివర నిలబడి కిందికి చూస్తే అంతా నీళ్ళే. నిజంగానే కళ్ళు తిరిగాయి. ఎవరికీ చెప్పకు."

సెట్టున్న ప్రతివాళ్ళూ వింటున్నారు అక్కా. వాళ్ళందరి ముందూ, ఎవరికీ చెప్పకు అన్నారు. నిజంగా తిరిగాయో, నా అబద్ధాన్ని నిజం చెయ్యడానికి అన్నారో నాకు తెలియదు.

"విన్నాను, ఎవరికీ చెప్పను" అన్నాను.

నువ్వూ ఎవరికీ చెప్పకు.

నీ చెల్లెలు,
కళ్ళు తిరిగే మనిషి పెళ్ళాం