నాలుగో సంపుటంలో లేని పదహారు పేజీలు

గ్రంథాలయపు బైండింగు గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన, అరవై తొమ్మిదేళ్ల నేను, నా తమ్ముడికీ, మేనకోడలికీ, ఈ కాగితాన్ని అమలుచేసే వకీలుగారికీ తెలియజేసేదేమంటే: నా బుద్ధి నిలకడగానే ఉంది, నన్నెవరూ బలవంతపెట్టలేదు, అక్షరాలు నావే. పోయిన నెల రాసిన వీలునామా దీనితో రద్దు. అది భయపడుతూ రాసింది. ఇది హాయిగా రాస్తున్నాను.

1. నేనుంటున్న రెండు గదుల వాటా, అందులోని మంచం, బీరువా, వంటసామాను నా తమ్ముడి కూతురికి. వంటింటి కుళాయిని గట్టిగా బిగించొద్దని ఆ పిల్లకి మనవి. దాని సంగతి దానికి వదిలేస్తే బాగానే ఉంటుంది.

2. జాంబీల బొమ్మల కథ తొంభై ఆరు సంచికలూ, నేను ఎనిమిది సంపుటాలుగా కుట్టినవి, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసిన నా తమ్ముడికి.

ఈ వయసులో జాంబీలేమిటని వకీలుగారు నవ్వారు కాబట్టి కారణం కూడా రాస్తున్నాను. నాన్న పోయిన నెలలోనే మొదటి సంచిక నా బల్ల మీదికి వచ్చింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా “అన్నీ సర్దుకుంటాయిలే” అనేవాళ్లు. ఆ కథలో ఆ మాట ఎవరూ అనరు. ఎవరు ఎప్పుడు పోతారో తెలియదు, పోయినవాళ్లు లేచి వస్తే అది మరీ ఘోరం. మిగిలినవాళ్లు చెప్పులు కుట్టుకుంటారు, నీళ్లు కొలిచి పంచుకుంటారు, మళ్లీ నడుస్తారు. నన్ను మభ్యపెట్టకుండా మాట్లాడింది ఆ పుస్తకం ఒక్కటే. పైగా చదివి లేచి కుళాయి తిప్పితే నీళ్లు వచ్చేవి. తలుపుకి గడియ పడేది. వీధిలో ఎవరో స్టార్టు కాని స్కూటర్ని తిడుతూ ఉండేవాళ్లు. అవన్నీ ఇంకా ఉన్నాయన్నందుకే ప్రాణం లేచొచ్చేది.

నేను చదివాక తమ్ముడికి ఇచ్చేదాన్ని. “ఈ నెల ఎవరు పోయారో చెప్పకక్కా” అని ఫోను చేసి మరీ చెప్పేవాడు. భోజనాల వేళ డిపోలో చదివి, మార్జిన్లో గ్రీజు వేలిముద్రతో తిరిగిచ్చేవాడు. ఆ ముద్రలు నేను తుడవలేదు. ఎవరూ తుడవకూడదు.

3. ఇప్పుడు నా తప్పు. నాన్నకి రెండోసారి ఊపిరి అందనప్పుడు, మళ్లీ మిషను పెట్టమంటారా అని డాక్టరు అడిగాడు. తమ్ముడు దారిలో ఆగిపోయిన బస్సు బాగుచేయడానికి వెళ్లాడు, ఫోను కలవలేదు. నేను వద్దన్నాను. వాడు వచ్చాక మాత్రం, “అడిగే వ్యవధి కూడా లేకపోయిందిరా” అన్నాను.

మూడున్నరేళ్ల తర్వాత నలభై మూడో సంచిక వచ్చింది. అందులో జాంబీ కరిచిన తండ్రి గేటు బయట ఉంటాడు. పెద్ద కూతురు తన చేతులతోనే గేటు మూస్తుంది. ఆమె తమ్ముడు నీళ్లకోసం వెళ్లి ఉంటాడు. అది చదివితే నా తమ్ముడు తలెత్తి నా మొహం చూస్తాడని భయపడ్డాను. ఆ నెల సంచిక కొట్లో దొరకలేదని చెప్పాను. నాలుగో సంపుటం కుట్టేటప్పుడు, అది తర్వాత దొరికిందని చెప్పి, ఆ సంచికలోంచి నాలుగు షీట్లు, అంటే పదహారు పేజీలు, తీసేశాను.

షీట్లు తీస్తే అక్కడ వీపు పలచబడి పుస్తకం కుంగుతుంది. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. వేలెడు వెడల్పు తెల్లకాగితం పట్టీలు నాలుగు మడిచి ఆ చోట కుట్టాను. బుద్ధున్న దొంగ ఎవరూ ఆ పని చేయరు, బైండరు చేస్తుంది. ఇంజన్లో సందు ఎక్కడుందో వేలితో తడిమి చెప్పే మనిషికి ఆ పుస్తకం ఇచ్చి, ఎనిమిదేళ్లు బిక్కుబిక్కుమంటూ బతికాను. నేను పోయాక ఆ పేజీలు వాడికి అందజేయాలని పోయిన నెల వీలునామాలో రాశాను. అప్పుడు వాడేమన్నా నాకు వినపడదు కదా అని నా తెలివి.

4. మూడు వారాల క్రితం, అట్ట మూల ఊడిందని వాడే నాలుగో సంపుటం తెచ్చిచ్చి వెళ్లాడు. విప్పి చూస్తే మొదటి పట్టీ మీద పై నుంచి కిందికి పెన్సిలు రాత: “నలభై మూడు బస్టాండు కొట్లో కొన్నా. చదివా. నేనున్నా వద్దనే అనేవాణ్ణి అక్కా.” కింద ఎనిమిదేళ్ల కిందటి తారీఖు. ఏ పేజీలు దాచానో చూసి, ఎందుకు దాచానో కనిపెట్టేశాడు.

నేల మీద చతికిలబడి ఏడ్చాను. తర్వాత ఆకలేసింది. అంత ఆకలి వేసి ఎన్నేళ్లయిందో.

మరి ఇన్నాళ్లూ నోరెందుకు విప్పలేదురా అని నిలదీస్తే, “నువ్వే చెప్తావని చూశా” అన్నాడు. అందుకు శిక్షగా నా కుట్టు చట్రం, సూదులు, మైనం పట్టించిన దారం ఉండలు వాడికే రాస్తున్నాను. ఆ మోటు వేళ్లతో నేర్చుకుని చావాలి.

5. “ఈ చెత్తకి క్యాలికో గుడ్డ అట్ట దండగ” అన్న గ్రంథాలయాధికారికి, నా దగ్గర రెండో ప్రతిగా ఉన్న మొదటి సంచిక. మిగతావి కావాలనిపిస్తే నా తమ్ముణ్ణి అడగాలి, మర్యాదగా.

6. తీసేసిన పదహారు పేజీలు మేనకోడలికి. అమ్మడూ, నువ్వు ప్రాణాల మీదికొచ్చిన వాళ్ల వార్డులో నర్సువి. డాక్టరు ఆ ప్రశ్న అడిగేటప్పుడు పక్కన నిలబడేది నువ్వే. “వాళ్ల మొహాలు చూడలేకపోతున్నా అత్తా” అన్నావు ఒకసారి. గేటు మూశాక ఆ పిల్ల చేతులు ఎలా ఉన్నాయో బొమ్మ గీసినవాళ్లకి తెలుసు, ఆఖరి పేజీ నిండా అవే. చూడు. వద్దని చెప్పినవాళ్లు ఇంటికి వెళ్లేముందు, కాసేపు వాళ్ల చెయ్యి పట్టుకో. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

7. నాలుగో సంపుటం అట్ట బాగుచేశాను. పేజీలను మాత్రం తిరిగి లోపల కుట్టలేదు. అలా కుట్టాలంటే పట్టీలు పీకాలి. వాటిని ఎవరూ, ఎప్పుడూ పీకకూడదు. ఆ పుస్తకం నిలబడింది వాటి మీదే.

లబ్ధిదారుడు సాక్షిగా ఉండరాదని వకీలుగారు చెప్పినందున తమ్ముడు బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఒకటో సంపుటం మళ్లీ మొదలుపెట్టాడు. ఇది ముగించి నేనూ వెళ్లి పక్కన కూర్చుంటాను. ఈసారి ఏ సంచికలో ఎవరు పోతారో ఇద్దరికీ తెలుసు.

2025 మార్చి 11, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం) అందరూ బైండరమ్మ అని పిలిచే నేను

సాక్షులు:
పై వాటా టైలరు
వీధి చివరి మందుల షాపావిడ