పూజలో నాన్న పేరు

ప్రియమైన అమ్మకు,

నీ చిన్నమ్మాయి వందనాలతో రాసేది. నేను, మీ అల్లుడు, అత్తయ్య ప్రభువు దయవల్ల బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. నాకు ఏడో నెల పడింది. కాళ్లకు కొంచెం నీరు పడుతోంది గానీ కళ్లద్దాల షాపుకు వెళ్తూనే ఉన్నాను. కూర్చుని చేసే పనే కదా. ఓనరమ్మ కాళ్ల కిందికి పీట కూడా వేయించింది.

మీ అత్తగారివాళ్లు క్యాథలిక్కులు, బొమ్మలకు మొక్కుతారటగా, మరియమ్మనే దేవుడంటారటగా అని పోయిన ఉత్తరంలో అడిగావు. అలాంటి ఇంటికి కాన్పుకు రానని కూడా రాశావు. నువ్వు విన్నది రాశావు, నేను చూసింది రాస్తాను.

పెళ్లైన కొత్తలో నేనూ హాల్లో ఉన్న మరియమ్మ స్వరూపానికి వీపు పెట్టే కూర్చునేదాన్ని. పోయిన నెల బల్ల తుడుస్తుంటే మోచేయి తగిలి అది కిందపడి ముక్కలైంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తర్వాత చీపురు అందుకున్నారు.

“చెప్పుల్లేకుండా దిగకు, గుచ్చుకుంటాయి.”

అపచారం జరిగిపోయిందేమో అన్నాను.

“మట్టి బొమ్మే కదమ్మా. పగలడానికి ఆవిడ ఇందులో ఉందా ఏంటి?”

అలాగని అత్తయ్యకు బాధ లేకపోలేదు. అది మామయ్య బతికుండగా కొనితెచ్చిందట. ముక్కలన్నీ చీరపేలికలో మూటకట్టి దాచుకున్నారు.

ఆ చనువుతో రెండోదీ అడిగేశాను, మరియమ్మకు ప్రార్థన ఎందుకని. నాకు నలతగా ఉన్నప్పుడు ప్రార్థన చేయమని నీకు రాస్తాను కదా, నిన్ను దేవుడనుకునే రాస్తున్నానా అని అడిగారు. తామూ ఆవిడను తమకోసం దేవుణ్ణి వేడుకోమంటారట, అంతే.

“మా అమ్మ బతికుంది కదత్తయ్యా,” అన్నాను.

“ప్రభువు దగ్గరున్నవాళ్లను చచ్చినవాళ్లంటామా?”

దీనికి జవాబు నీ దగ్గరుంటే రాయి. నేనైతే జపమాల పట్టలేదు, ఆదివారం మన సంఘానికే వెళ్తున్నాను.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ దాని చుట్టూనే తిరిగాను. వాళ్ల గుడిలో ఆరాధనను పూజ అంటారు; చనిపోయినవాళ్ల పేర్లు చదివించి వాళ్ల కోసం చేయిస్తారు. అత్తయ్య మామయ్య పేరు ఇవ్వడానికి వెళ్తుంటే నాన్న పేరు కూడా ఇవ్వమన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అది వాక్యంలో ఎక్కడుందని అడుగుతావు. నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను.

కానీ అమ్మా, నాన్నను మట్టి చేసి వచ్చిన రోజు, ప్రభువు దగ్గరికి వెళ్లినవాడి కోసం ఏడవకూడదన్నారు మనవాళ్లు. ఆ తర్వాత మనింట్లో ఎవరమూ ఆయన పేరెత్తలేదు. నువ్వు కూడా. పూజ రోజు గుడిలో ఫాదర్ గారు ఇంటిపేరుతో సహా నాన్న పేరు చదివారు. ముక్కూ మొహం తెలియని జనమంతా ఆయనకు విశ్రాంతినిమ్మని అడిగారు. మరియమ్మను కాదు, దేవుణ్ణే. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఎవరూ వద్దనలేదు.

చేసింది తప్పో ఒప్పో తెలియదు. ఎవరో మోసుకొచ్చి చెప్పేకంటే నేనే చెప్పడం మేలనుకున్నాను. తిట్టాలనిపిస్తే ఉత్తరంలో తిట్టకు, వచ్చి తిట్టు. అత్తయ్య నీకు కిటికీ పక్కన మంచం వేయించారు. తిట్టడం అయ్యాక, మనిద్దరం కూర్చుని నాన్న గురించి మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
చిన్నమ్మాయి